టీసీ తీసుకోమంటున్నారు: డిస్‌లెక్సియా ఉన్న 8వ తరగతి అబ్బాయి, సర్టిఫికెట్ తీయించాలా వద్దా?

గుంటూరు_గీత
అందరికీ నమస్కారం. మా బాబు 8వ తరగతి. ప్రైవేటు స్కూలు, ఇంగ్లిష్ మీడియం, స్టేట్ సిలబస్. నోటితో అడిగితే సైన్సు పాఠం ఆసాంతం చెప్పేస్తాడు. మొన్న మా మామగారిని కూర్చోబెట్టి కిరణజన్య సంయోగక్రియ మొత్తం వివరించాడు. అదే పరీక్ష పేపరు మీదకొచ్చేసరికి 80కి 17. తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి, ఇంగ్లిషులో ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తాడు. క్లాసులో పరధ్యానం, హోంవర్కు ఎక్కించుకోడు, పెన్నులు పారేసుకుంటాడు అని డైరీ నిండా ఎర్ర సిరా.

వేసవి సెలవుల్లో క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్షలు చేయించాం. డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), దానితోపాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం) అని తేల్చారు. రిపోర్టు పట్టుకుని స్కూలుకి వెళ్తే ప్రిన్సిపాల్ గారు అంతా చదివి, "మా దగ్గర స్పెషల్ టీచర్లు లేరమ్మా. 9లోకి వచ్చేలోపు వేరే చోట చూసుకోండి, టీసీ మేమే సిద్ధం చేసి పెడతాం" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు.

ప్రభుత్వ ఆస్పత్రిలో సర్టిఫికెట్ తీయిద్దామంటే మావారు ఒప్పుకోవడం లేదు. జన్మంతా మచ్చ ఉండిపోతుంది, రేపు ఉద్యోగం, పెళ్ళి అంటే ఏం చెబుతాం అంటారు. అత్తయ్యగారేమో "మా వాళ్ళలో మగపిల్లలందరూ ఇంతే, మీసం వచ్చేసరికి అదే సర్దుకుంటుంది" అంటారు. నాకేం తోచట్లేదు. ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి.

వాల్తేరు_బాబాయ్
అమ్మా, ఏమీ అనుకోకు. మా రోజుల్లో ఈ పేర్లే లేవు. ఒత్తులు రాకపోతే గోడ కుర్చీ వేయించేవారు, వందసార్లు ఇంపోజిషన్ రాయించేవారు. వచ్చేవి. ఇప్పుడు ప్రతిదానికీ ఒక జబ్బు పేరు.

లెక్కల_మాస్టారు
బాబాయ్ గారూ, వచ్చినవాళ్ళు మీకు గుర్తున్నారు. రానివాళ్ళు ఐదో క్లాసులోనే బడి మానేసి పొలానికో షెడ్డుకో పోయారు. ఇరవై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను, అలాంటివాళ్ళని చూస్తూనే ఉన్నాను. గోడ కుర్చీ సంగతంటారా, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

భవిత_టీచర్
గీత గారూ, నేను ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో ఐఈఆర్‌పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్ని. అలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మాదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు టీసీ సంగతి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లాడిని బడి నుంచి తీసెయ్యడానికి వీల్లేదు. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు వచ్చింది కానీ తీసెయ్యకూడదన్న నియమం అలాగే ఉంది. మీ ప్రిన్సిపాల్ గారు "9లోకి వచ్చేలోపు" అన్నారు చూడండి, ఆ మాట ఊరికే రాలేదు. ఆయనకి చట్టం తెలుసు. 10వ తరగతి ఫలితాల ఫ్లెక్సీలో వంద శాతం అని వేసుకోవాలి, అదీ అసలు గొడవ.

అయితే 9కి వచ్చాక మీకేమీ రక్షణ లేదనుకోకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన సర్దుబాట్లు చేయాలి. ప్రైవేటుదైనా అంతే, ఎందుకంటే గుర్తింపు ఇచ్చింది ప్రభుత్వమే. టీసీ కావాలని మీరు కాగితం మీద సంతకం పెడితే మాత్రం మీ అంతట మీరు వెళ్ళిపోయినట్టు అవుతుంది. అందుకని ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి. ఆయన నోటితో అన్న మాటనే రాసి ఇవ్వమని అడగండి. చాలాచోట్ల సంభాషణ అక్కడే వేరే మలుపు తిరుగుతుంది. తిరక్కపోతే ఎంఈఓ, డీఈఓ (మండల, జిల్లా విద్యాధికారులు) ఉన్నారు, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

ఇక సర్టిఫికెట్. ఆ 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, చదువు సంబంధిత నిర్దిష్ట లోపం, అంటే మీ రిపోర్టులో ఎస్‌ఎల్‌డీ అని ఉంటుంది, అదీ ఉంది. డిస్‌లెక్సియా దాని కిందికే వస్తుంది. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో లేదు. కాబట్టి బాబుకి వచ్చేది డిస్‌లెక్సియా మీదే. ప్రైవేటు రిపోర్టు బడికి పనికొస్తుంది కానీ బోర్డు పరీక్ష రాయితీలకు వైకల్య పరీక్షలు చేసే సదరం క్యాంపులో ప్రభుత్వ వైద్యులు ఇచ్చిందే అడుగుతారు. 2018 మార్గదర్శకాల్లో ఇది 8 ఏళ్ళు నిండాకే ఇచ్చేవారు, 14కి ఒకసారి, 18కి ఒకసారి మళ్ళీ పరీక్ష చేసేవారు; 2024లో వాటిని మార్చారు, ఇప్పటి వయసులు క్యాంపులోనే అడగండి. 18లో ఇచ్చిందే జీవితాంతం చెల్లేది. మధ్యలో మెరుగుపడితే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది. మీవారు భయపడుతున్నట్టు జన్మంతా అంటుకుని ఉండేదేమీ కాదు.

గుంటూరు_గీత
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు మేడమ్. సర్టిఫికెట్ తీసుకుంటే అందరికీ తెలిసిపోతుందా?

భవిత_టీచర్
ఎవరికి చూపించాలో మీ ఇష్టం. రాయితీ కావలసిన చోట చూపిస్తారు, లేని చోట బీరువాలో ఉంటుంది. పెళ్ళిసంబంధాలవాళ్ళు చూసే జాబితా ఏదీ లేదు.

వరంగల్_వదిన
మా బిడ్డది ఆటిజం. ఇప్పుడు పదిహేడు నడుస్తున్నది. సర్టిఫికెట్ గురించి మా ఇంట్ల కూడ గిదే లొల్లి అయింది. మా ఆయన రెండేండ్లు ఆపిండు. తీసుకున్నంక ఆయనే దాన్ని పట్టుకుని తిరుగుతున్నడు, బస్సు పాసు దగ్గర, ఇన్‌కమ్ టాక్స్ దగ్గర. ఇసోంటి పిల్లలున్నోళ్ళకు టాక్స్ లెక్కల 75,000 మినహాయింపు ఉంటది, తీవ్రత ఎక్కువుంటే 1,25,000. కాకపోతే పాత పద్ధతిలో టాక్స్ కట్టేటోళ్ళకే. గీత గారూ, మీ సారుకు ఈ ముక్క చెప్పి చూడుండ్రి, మగోళ్ళకు తొందరగ అర్థమైతది 😀

టెక్సస్_తెలుగు
డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడైతే తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే స్కూలు డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్షలు చేయించాలి, లేదంటే ఎందుకు చేయించదో రాసి ఇవ్వాలి. తర్వాత ఏఆర్‌డీ మీటింగ్ పెడతారు. టీచరు, సైకాలజిస్టు, మనం అందరం బల్ల చుట్టూ కూర్చుని పిల్లాడికి ఏం చేయాలో ఒక పత్రం రాస్తారు. అందులో ఉన్నది చేయకపోతే మనం నిలదీయొచ్చు. ఇండియా వదిలేసి రావడమే దీనికి మందు అనిపిస్తుంది ఒక్కోసారి.

లెక్కల_మాస్టారు
వీసా దొరకని మిగతా పిల్లల సంగతి కూడా చూడాలి కదండీ.

టెక్సస్_తెలుగు
తప్పుగా అనుకోకండి మాస్టారూ. ఇక్కడా స్వర్గమేం కాదు. ఇదే టెక్సస్‌లో 2004 నుంచి పదేళ్ళకు పైగా స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదని అనధికారికంగా గీత గీసి పెట్టారు. ఆ గీత కోసం చాలామంది పిల్లల్ని "నీకేం లేదు పో" అని పంపేశారు. పత్రికలు బయటపెట్టాక, 2018లో అమెరికా కేంద్ర విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. నేను చెప్పబోయింది ఒకటే, ఆ పత్రం పద్ధతి బాగుంటుంది. మీరే ఒక పేజీ రాసుకుని స్కూలు చేత సంతకం పెట్టించుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
అది మంచి మాట. ఆ పేజీలో ఏం రాయాలో టీచరు వైపు నుంచి చెబుతాను. నాకు ఒక సెక్షన్లో యాభైమంది. ఒక్కడి కోసం వేరే పాఠం చెప్పమంటే ఎవరివల్లా కాదు, అడగకండి. ఖర్చు లేకుండా అయ్యేవి అడగండి.

ఈ పిల్లలకి అన్నిటికన్నా కష్టం బోర్డు మీదది నోటులోకి ఎక్కించుకోవడం. తల ఎత్తి ఒక ముక్క చూస్తాడు, తల దించేసరికి అది పోతుంది, మళ్ళీ ఎత్తేసరికి ఏ వరుసలో ఉన్నాడో తెలీదు. ఈలోపు నేను బోర్డు తుడిచేస్తాను. అందరికీ అల్లరి పిల్లాడిలా కనబడతాడు. నా క్లాసులో ఇలాంటి అబ్బాయి ఒకడు 3x + 7 = 22 అని నేను రాస్తే నోటులో 3x + 1 = 22 అని ఎక్కించుకుని, దాన్ని మాత్రం తప్పు లేకుండా చేసి x = 7 అని తెచ్చాడు. లెక్కలో తప్పు లేదు. ఎక్కించుకోవడంలో ఉంది. మామూలుగా దిద్దితే సున్నా. అడుగులకు మార్కులు వేస్తే దాదాపు పూర్తి మార్కులు. అప్పటినుంచి వాడికి లెక్కల కాగితం నేనే ఇస్తున్నాను, ఎక్కించుకోమనడం లేదు. జిరాక్సు రూపాయి.

కాబట్టి రాయించుకోండి: ముందు బెంచీలో, కిటికీకీ తలుపుకీ దూరంగా సీటు. బోర్డు నోట్సు ఫొటో తీసుకునే వీలు. హోంవర్కు క్లాస్ గ్రూపులో పెట్టడం. బిగ్గరగా చదవమని అందరి ముందు లేపకపోవడం. సైన్సు, సోషల్‌లో అక్షర దోషాలకు మార్కులు కోయకపోవడం. స్లిప్ టెస్టు నోటితో అడగడం. ఇంతకన్నా ఎక్కువ రాస్తే ఏ టీచరూ చదవడు.

కిటికీపక్కసీటు
చాలాకాలంగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 24. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని 19లో తెలిసింది. మాస్టారు గారూ, మీ జాబితా బాగుంది కానీ "కిటికీకి దూరంగా" అన్నది మాత్రం ఆ అబ్బాయిని అడిగి రాయండి. నాకు కిటికీ పక్కనుంటేనే పాఠం వినబడేది. మధ్యలో కూర్చోబెడితే చుట్టూ నలుగురి పెన్నుల చప్పుడు, టిఫిన్ డబ్బాల వాసన, ఇంక పాఠం ఎక్కడ.

టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. అందరూ చేసినట్టే మా నాన్న కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంపీసీలో వేశారు. తెల్లవారుజామున లేపేవారు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్. ఒక హాల్లో అరవైమంది, అందరూ బిగ్గరగా బట్టీ. నేను చెవుల్లో దూది పెట్టుకుంటే వార్డెన్ పీకేసి, ఫోను దాచానేమోనని వెతికాడు. దీపావళి సెలవులకి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళలేదు. "బద్ధకం", "పొగరు" అనే మాటలు చాలా విన్నాను. ఆంటీ, మీసం వచ్చాక సర్దుకోలేదు. దాచుకోవడం అలవాటైంది, అంతే.

తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. అక్కడ సగం ప్రాక్టికల్సు, చేతికి పని ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లో లిఫ్టుల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. మా సూపర్‌వైజర్‌ని ఒకటే అడిగాను, పని ఫోన్లో చెప్పకండి సార్, వాట్సాప్‌లో రాసి పెట్టండి అని. ఆయన మొదట విసుక్కున్నాడు. ఇప్పుడు మొత్తం టీమ్‌కి అలాగే పెడుతున్నాడు, ఎందుకంటే ఎవడూ "నాకు చెప్పలేదు" అనడానికి లేకుండా పోయింది. అపార్ట్‌మెంటు వాళ్ళు మీదపడి అరుస్తున్నప్పుడు మాత్రం ఇప్పటికీ మాట రాదు. అప్పుడు మా తోటి టెక్నీషియన్ మాట్లాడతాడు, నేను మెషిన్ రూములోకి వెళ్ళిపోతాను.

గుంటూరు_గీత
బాబూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సీటు ఎక్కడ కావాలో వాణ్ణే అడుగు" అన్నారు. అడిగితే వాడు ఫ్యాను కింద వద్దు, అది టకటకమంటుంది అన్నాడు. ఇన్నేళ్ళలో ఎవ్వరం అడగలేదు.

వాల్తేరు_బాబాయ్
ఫ్యాను బేరింగు మార్పిస్తే సరిపోతుందిగా. అది నేనూ ఒప్పుకుంటాను.

నిర్వాహకులు
కొందరు స్కూళ్ళ, కాలేజీల, డాక్టర్ల పేర్లు రాశారు, తీసేశాం. ఏడీహెచ్‌డీ మందుల మోతాదులు రాసిన పోస్టు కూడా తీసేశాం. అవి సైకియాట్రిస్టు పిల్లాడిని చూసి నిర్ణయించేవి. మందు వాడినవాళ్ళు అనుభవం చెప్పుకోవచ్చు, మోతాదు వద్దు.

వరంగల్_వదిన
ఒక మాట అడుగుత, తిట్టకుండ్రి. అందరు కలిపి కూసోబెట్టాలె అంటరు. మా బిడ్డను ఐదో తరగతి దాంక మామూలు బడికే పంపిన. మంచి టీచర్లే, ఎవ్వరు ఏమనలే. కాని పొద్దంత ఒక మూలకు రంగులు దిద్దుకుంట కూసునేది. లెక్కల పిరియడ్ల రంగులు, తెలుగు పిరియడ్ల రంగులు. ఎవ్వరు తిట్టరు, ఎవ్వరు నేర్పరు. తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ల నీపిడ్‌కు తీస్కపోయినం, మేధో వైకల్యం ఉన్నోళ్ళ కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి ఉన్నది. వాళ్ళు చూసి, ఏమేం నేర్పాలెనో వరుసగ రాసిచ్చిన్రు. స్పెషల్ స్కూల్ల చేరినంక పైసలు లెక్కపెట్టుడు, ఒక్కతే దుకాణానికి పోయివచ్చుడు నేర్చుకున్నది. గిప్పుడు ఓపెన్ స్కూల్ల పదికి కట్టిస్తున్నం, ఒక్కసారే అన్ని సబ్జెక్టులు రాసే పని లేదు. మామూలు బడి అందరికీ మంచిదే అని నేనైతే అనను.

భవిత_టీచర్
మీరన్నది చేదుగా ఉన్నా నిజం వదినా. చేర్చుకోవడం అయింది, నేర్పడం కాలేదు. మనుషులు లేరు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఒక తీర్పులో లెక్క చెప్పింది: ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు. 2025 మార్చిలో మళ్ళీ రాష్ట్రాలన్నీ పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని ఆదేశించింది. మేము మాత్రం ఏళ్ళ తరబడి కాంట్రాక్టులోనే మండలంలో బళ్ళన్నీ తిరుగుతున్నాం. ఒక బడికి నేను మళ్ళీ వచ్చేసరికి పిల్లాడు నన్ను కొత్తగా చూస్తాడు.

గీత గారూ, మీ ఊరికి దగ్గర్లో భవిత కేంద్రం ఉంటుంది. ప్రైవేటు బడి పిల్లాడైనా వెళ్ళి అడగండి. తెలుగు చదవడానికి ఇంట్లో చేయగలిగింది ఒకటి చెబుతాను. "విద్యార్థి" అనే మాట తీసుకోండి. చివరి అక్షరం పలికేటప్పుడు ర్, థ్, ఇ వరుసలో వస్తుంది. రాతలో చూస్తే గుడి పోయి ర మీద కూర్చుంది, థ ఒత్తు కిందికి దిగింది. చెవికి ఆఖర్న వినబడిన గుడి, కంటికి అందరికన్నా పైన కనబడుతుంది. మామూలు పిల్లలు దీన్ని గమనించకుండానే దాటేస్తారు. మీ బాబులాంటి వాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. "విదారథి" అని రాశాడంటే బద్ధకం కాదు, విన్నది విన్నట్టు పెట్టాడు, ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాడు.

అట్టముక్కల మీద అక్షరాలు ఒక రంగులో, ఒత్తులు వేరే రంగులో, గుణింతపు గుర్తులు మూడో రంగులో రాసి కత్తిరించండి. మాట పలుకుతూ ముక్కలు పేర్చమనండి. ముందు గుణింతాలు, తర్వాత "అమ్మ, అక్క, పువ్వు" లాంటి ద్విత్వాలు, అవి నిలిచాకే సంయుక్తాలు. రోజూ పదిహేను నిమిషాలు చాలు. ఇంపోజిషన్ వద్దు. తప్పుగా రాసింది వందసార్లు రాస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

నెల్లూరు_నీలిమ
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా అమ్మాయిది డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది), ఇంటర్ బైపీసీ, నీట్‌కి చదువుతోంది. అదనపు సమయం నిజంగా ఇస్తారా? సెంటర్లో అడిగితే తెలీదంటారని విన్నాను.

భవిత_టీచర్
మూడు గంటల పరీక్షకి గంట, అంటే గంటకి 20 నిమిషాల చొప్పున ఇవ్వాలి. మీరు విన్నదీ నిజమే. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి ఆ గంట ఇవ్వకుండా సెంటర్లో పేపరు లాగేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తప్పు పరీక్ష పెట్టినవాళ్ళదేనని, సెంటర్లకి నేర్పాల్సిన బాధ్యత వాళ్ళదేనని కోర్టు అంది, కానీ మళ్ళీ పరీక్ష మాత్రం పెట్టమనలేదు. అందుకే దరఖాస్తులోనే నింపండి. బులెటిన్‌లో ఆ పేజీ ప్రింటు తీసి అమ్మాయి చేతిలో పెట్టండి. ముందురోజే సెంటర్ సూపరింటెండెంట్‌ని కలవండి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం రాకపోయినా, రాయడంలో ఇబ్బంది ఉన్నట్టు వైద్యుల పత్రం ఉంటే రాసే సహాయకుడిని అడిగే హక్కు ఉందని 2021 ఫిబ్రవరిలో ఇంకో తీర్పు వచ్చింది. దానిమీద 2022 ఆగస్టులో మార్గదర్శకాలు కూడా ఇచ్చారు.

వరంగల్_వదిన
మా బిడ్డకు వచ్చే ఏడు 18 నిండుతయి. అప్పటిసంది బ్యాంకుల మా సంతకం నడవదంటున్నరు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆఫీసుల గార్డియన్‌షిప్‌కు పెట్టుకోవాలె. నిరామయ ఆరోగ్య బీమా కూడ అందులోనే, లక్ష దాంక. ఆటిజం పిల్లలున్నోళ్ళు ముందే అన్ని కాగితాలు పెట్టుకోండ్రి.

కిటికీపక్కసీటు
ఆంటీ, మీ అమ్మాయికి అవసరమైతే సరే. కానీ "ఆటిజం పిల్లలున్నోళ్ళు" అని అందరినీ కలపకండి. మా ఇంట్లో కూడా ఎవరో చెబితే నాన్న ఆ ఫారం తెచ్చారు. నా జీతం నేనే లెక్క చూసుకుంటున్నాను. ముందు మనిషిని అడగాలి, ఏది తానే చేసుకోగలదో.

వరంగల్_వదిన
నువ్వు చెప్పింది కరెక్టే బిడ్డ. మాది అడిగినం. దుకాణం పైసలు తనే చూసుకుంటది. బ్యాంకు, భూమి కాగితాలకే మేము.

గుంటూరు_గీత
మాస్టారు గారి జాబితాను ఒక పేజీగా రాసుకుని మావారూ నేనూ స్కూలుకి వెళ్ళాం. "టీసీ మాట రాసి ఇవ్వండి సార్" అని మావారే అడిగారు. ప్రిన్సిపాల్ గారు అలా అనలేదన్నారు. పేజీలో నాలుగింటికి సరే అన్నారు. స్లిప్ టెస్టు నోటితో అడగడానికి కుదరదన్నారు, ఫోనుతో ఫొటో వద్దు, పక్క అబ్బాయి నోట్సు జిరాక్సు తీసుకోండి అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు, "చూద్దాం" అన్నారు. అందుకే ఇంటికొచ్చి జరిగినదంతా ఈమెయిల్‌లో రాసి స్కూలుకి పంపించాం. సదరం స్లాట్ కూడా బుక్ చేశాం. టెన్త్‌కి రాసే సహాయకుడి గురించి ఇప్పటినుంచే ఏమైనా చేయాలా?

లెక్కల_మాస్టారు
ఈమెయిల్ పంపడం సంతకం కన్నా మేలు, తేదీ పడింది.

సహాయకుడి సంగతి: టెన్త్ పరీక్షకి 9వ తరగతి పిల్లాడిని ఇస్తారు. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే సర్టిఫికెట్ జతచేసి హెచ్‌ఎం ద్వారా డీఈఓ ఆఫీసుకి అర్జీ వెళ్ళాలి. హాల్ టికెట్లు వచ్చాక పరిగెడితే కుదరదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు. చెప్పి రాయించడం విడిగా నేర్చుకోవాల్సిన పని. మీవాడు మామగారికి పాఠం చెప్పినట్టు గడగడా చెబితే అవతలి పిల్లాడి చెయ్యి అందుకోదు. ఒక వాక్యం చెప్పి ఆగాలి, లెక్కల్లో "బ్రాకెట్టు మొదలు, బ్రాకెట్టు అయిపోయింది" అని కూడా చెప్పాలి, బొమ్మకి ఎంత చోటు వదలాలో చెప్పాలి. అది ఒక ఏడాది సాధన. ఇప్పుడు మీ వీధిలో 7వ తరగతి చదివే కుదురైన పిల్లాడు ఎవరున్నారో చూడండి. మీవాడు టెన్త్‌కి వచ్చేసరికి ఆ పిల్లాడు 9లో ఉంటాడు. పరీక్షలో అతన్నే ఇవ్వకపోయినా, సాయంత్రాలు ఇద్దరినీ పాత పేపరు ముందు కూర్చోబెట్టండి.

గుంటూరు_గీత
కింది వాటాలో ఉన్నాడండీ. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంటుంది. రేపే వాళ్ళమ్మని అడుగుతాను.

వాల్తేరు_బాబాయ్
ఆ పిల్లాడికి కూడా ఏదైనా ఇవ్వమ్మా, ఊరికే రాయించుకోకు. సాయంత్రం వాళ్ళిద్దరికీ ఉప్మాతో సరిపెట్టకు.